మన డెల్టాలో రాజుగారికి పన్ను కట్టింది ఎవరు, మాఫీ అయింది ఎవరికి?

కోనసీమ కుర్రాడు:
అందరికీ నమస్కారమండి. మాది అంబాజీపేట పక్కన. నందంపూడి మాకు కూతవేటు దూరం. రాజరాజ నరేంద్రుడు 1053లో ఆ ఊరిని నారాయణభట్టుకి అగ్రహారంగా ఇచ్చాడని, ఆ శాసనం నన్నయగారు రాశారని చిన్నప్పటి నుంచీ వింటున్నాం. ఊరి మీద పన్నులన్నీ తీసేశాడని కూడా చెప్తారు. మా పెదనాన్నగారి మాట ఏంటంటే, ఆ రోజుల్లో రాజు పంటలో ఆరో వంతు తీసుకుని ఊరుకునేవాడు, అగ్రహారాల్లో అదీ లేదు, అందుకే జనం చల్లగా బతికారు అని. నాకు ఒక్కటే అనుమానం. ఊరికి పన్ను లేదంటే ఆ ఊళ్లో నాగలి పట్టినవాడికీ లేనట్టేనా? శాసనాలు చదివినవాళ్లు ఉంటే కాస్త వివరంగా చెప్పండి.

తామ్రపత్రం:
మంచిది అడిగావు తమ్ముడూ. ముందు ఆ రాగిరేకులు ఎలా ఉంటాయో చెప్తాను, సగం సమాధానం అక్కడే ఉంది. రాజరాజ నరేంద్రుడి వంశం, అంటే వేంగిని ఏలిన తూర్పు చాళుక్యుల రేకులకి అంచులు కాస్త పైకి లేపి ఉంటాయి. రేకు మీద రేకు పెట్టినప్పుడు అక్షరం అరిగిపోకూడదని. అన్నిటికీ బెజ్జం వేసి ఒక కడియం దూర్చి, కడియం అతుకు మీద ముద్ర వేస్తారు. ముద్రలో వరాహం, అంకుశం, సూర్యచంద్రులు, మధ్యలో "శ్రీ త్రిభువనాంకుశ" అన్న బిరుదు. ఈ హంగంతా ఎందుకంటే అది ఆస్తి కాగితం. రేపు ఎవడైనా వచ్చి "ఇది నీది కాదు" అంటే తీసి చూపించాలి.

లోపలి మాటలు కూడా ఒక వరసలో నడుస్తాయి. కుబ్జ విష్ణువర్ధనుడు 18 ఏళ్లు ఏలాడు అని మొదలుపెట్టి రాజులందరినీ ఏళ్లతో సహా చెప్పుకొస్తారు. ఆ తర్వాత అసలు ఆజ్ఞ. నందంపూడి ఉన్న ప్రాంతాన్ని అందులో "రెండేరుల నడిమి విషయం" అన్నారు. విషయం అంటే అప్పటి పాలనలో ఒక జిల్లా లాంటిది. ఈ శాసనాల్లో రాజు ఎవరిని పిలిచి చెప్తాడో చూడు: "రాష్ట్రకూట ప్రముఖులైన కుటుంబులందరినీ" పిలిపించి, మంత్రి, పురోహితుడు, సేనాపతి, యువరాజు, దౌవారికుడు (కోట వాకిలి కాపలా అధికారి) వీళ్లందరి ఎదుట ఆజ్ఞాపిస్తాడు. ఇక్కడ రాష్ట్రకూటులంటే రాజవంశం కాదు, ఊళ్ల పెద్దకాపులు. కుటుంబులంటే సేద్యం చేసే కాపురస్థులు. దానం పుచ్చుకున్నది నారాయణభట్టు. మరి ఆజ్ఞ రైతులకి ఎందుకు? ఇవాళ్టి దాకా రాజుకి కొలిచింది రేపటి నుంచి ఎవరికి కొలవాలో వాళ్లకి తెలియాలి కాబట్టి. నేను చదివినంతలో "సర్వకర పరిహారం", అంటే అన్ని పన్నుల మాఫీ అన్నది రాజుకీ దానగ్రహీతకీ మధ్య మాట. దున్నేవాడి కళ్ళంలో భాగం తీయడం ఆగిపోయిందని దానికి అర్థం కాదు.

వేంగి అభిమాని:
మేడమ్, మీ చదువు మీద గౌరవంతోనే అడుగుతున్నాను. ఇలా మాట్లాడితే మన రాజులు దోపిడీదార్లు అన్నట్టు అయిపోతుంది. తెలుగులో మహాభారతం రాయించిన ఇల్లు అది. దానం చేసేటప్పుడు "దీన్ని ఎవరూ చెరపకూడదు, చెరిపితే పంచమహాపాతకాలు చుట్టుకుంటాయి" అని తన తర్వాత వచ్చే రాజులకి కూడా చేతులు కట్టేశాడు. ఇవాళ జీవో ఇచ్చి రేపు రద్దు చేసే కాలం కాదది. ఆరో వంతు తీసుకోవడం ధర్మం. ఆ ధర్మం వాళ్లు తప్పలేదు.

పిఠాపురం మాస్టారు:
బాబూ, ఆవేశం వద్దు. దోపిడీ అని ఆవిడ అనలేదు. రాబడి చేతులు మారింది అన్నారు, అంతే. నేను ముప్పై ఏళ్లు పైగా పిల్లలకి సోషల్ చెప్పినవాణ్ణి. ఆరో వంతు అన్నది పుస్తకాల్లో ఎలా పడిపోయిందో నాకు తెలుసు. మనుస్మృతిలోనే ఆరో వంతు, ఎనిమిదో వంతు, పన్నెండో వంతు అని మూడు ఉన్నాయి, నేలను బట్టి. అది శాస్త్రం మాట. శాసనాల్లోకి వస్తే, ముఖ్యంగా కాకతీయుల కాలం నాటికి, మాటలు వేరు: అరి, పంగం, సిద్ధాయం, ఇల్లరి, పుల్లరి, సుంకం. ఇంటికి ఇల్లరి. పశువులు మేసే గడ్డికి పుల్లరి. పుల్లరి అనగానే మనకి 1922లో ప్రాణమిచ్చిన పల్నాటి కన్నెగంటి హనుమంతు గుర్తొస్తాడు. ఆ పన్ను పేరు అంతకు ఎన్నో వందల ఏళ్ల ముందు నుంచీ ఉంది. ఇన్ని పన్నులు ఉన్నప్పుడు ఒక్క ఆరో వంతు పట్టుకుని వేలాడితే లెక్క తేలదు.

ఇక మా ఊరి సంగతి. పిఠాపురం కుంతీమాధవస్వామి గుడి ముందు నాలుగు పలకల రాతిస్తంభం. 1186లో వెలనాటి పృథ్వీశ్వరుడి తల్లి జాయాంబిక నవఖండవాడ ఊరిని స్వామికి ఇచ్చింది. 1195లో కోనమండలం హైహయులు మల్లిదేవుడు, మన్మసత్యుడు మరో ఊరు ఇచ్చారు. 1202లో మల్లపవిష్ణువర్ధనుడు ఇంకోటి. ఒకే స్తంభం మీద ముగ్గురూ రాయించారు. రాజ్యాలు వేరు, వంశాలు వేరు, రాయి ఒకటే. నవఖండవాడ ఇప్పటికీ మా పక్కనే ఉంది. ఆ ఊరి పంటలో రాజుకి పోవాల్సింది ఆ రోజు నుంచి గుడికి పోయింది. అందుకని గుడి కూడా పాలనలో ఒక కార్యాలయమే అనుకోవాలి.

ద్రాక్షారామం వాసి:
మాస్టారూ, గుడి కార్యాలయం అన్నారు కాబట్టి మా భీమేశ్వరస్వామి సంగతి చెప్పి తీరాలి. మా గుడి గోడల మీద, స్తంభాల మీద వందల శాసనాలు. ఎక్కువ భాగం అఖండదీపాల గురించే. పద్ధతి ఇలా ఉంటుంది. ఒకావిడ, సెట్టో నాయకుడో ఆవిడ భర్త అయి ఉంటాడు, స్వామికి ఒక దీపం పెడుతుంది. దానికి 50 గొర్రెలు ఇస్తుంది. ఆ గొర్రెల్ని ఫలానా బోయ, అంటే మంద కాసేవాడు, పుచ్చుకుంటాడు. పేరు కూడా రాస్తారు. అతను రోజూ మానెడు నెయ్యి దీపానికి పోయాలి. అతని తర్వాత కొడుకు, మనవడు, సూర్యచంద్రులు ఉన్నంతకాలం.

చిన్నప్పుడు ఆ స్తంభాల చుట్టూ ఆడుకునేవాళ్లం, వేళ్లతో అక్షరాలు తడుముకుంటూ. అర్థం తెలిశాక ఆ బోయ గురించే ఆలోచిస్తాను. గొర్రెలు చస్తాయి, తెగులు వస్తుంది, వరదకి కొట్టుకుపోతాయి. నెయ్యి మాత్రం ఆగకూడదు. దాత పుణ్యం దాతకి, పని మాత్రం అతని వంశానికి.

చెన్నై తెలుగు:
తమిళ శాసనాల్లో ఇదే ఏర్పాటుని "చావని, ముసలి కాని గొర్రెలు" అనే రాస్తారండి. అంటే మందలో లెక్క తగ్గకూడదు, చచ్చినదాని బదులు పిల్లని పెంచుకోవాలి. బోయకి మిగిలే లాభం కూడా అందులోనే ఉంది. పెరిగిన పిల్లలు, ఉన్ని, పెంట అతనివే అయి ఉండాలి, లేకపోతే ఎవడు ఒప్పుకుంటాడు? కాబట్టి పూర్తిగా వెట్టి అనలేం.

ఇంకో సంగతి. మన రాజరాజ నరేంద్రుడి కొడుకే 1070లో చోళ సింహాసనం ఎక్కిన కులోత్తుంగుడు. తల్లి అమ్మంగదేవి, రాజేంద్రచోళుడి కూతురు. ఇక్కడ తమిళులు ఆయన్ని "సుంగం తవిర్త్త" అని తలుచుకుంటారు, సుంకం మాన్పినవాడు అని. దారుల్లో, రేవుల్లో సరుకు మీద తీసే సుంకం ఎత్తేశాడు. అదే మనిషి 1086లో చోళదేశంలో భూమి మళ్లీ కొలిపించాడు. రాజరాజచోళుడు 1001 ప్రాంతంలో మొదలెట్టిన కొలతకి ఇది రెండో విడత. నా ఉద్దేశంలో ఈ రెండూ విడివిడి పనులు కావు. నేల లెక్క గట్టిగా చేతికి వచ్చినవాడే సుంకం వదులుకోగలడు. వేంగికి తన కొడుకుల్ని ఒకరి తర్వాత ఒకరిని పంపాడు: రాజరాజ ముమ్మడిచోడుడు, వీరచోడుడు, రాజరాజ చోడగంగు.

తామ్రపత్రం:
చోడగంగు పేరు వచ్చింది కాబట్టి చెప్తాను. ఆయన ఇచ్చిన రేకులు మన టేకిలో దొరికాయి, కపిలేశ్వరపురం దగ్గర. అందులో ఊరూ లేదు, పొలమూ లేదు. తెలికివారికి, అంటే నూనె వర్తకం చేసేవాళ్ల కులానికి, మర్యాదలు ఇచ్చాడు. వాళ్ల పెళ్లిళ్లలో వధూవరులు వీధుల్లో గుర్రం మీద ఊరేగవచ్చు. పెళ్లి అయ్యాక రాజుగారి పాదాల దగ్గర బట్టల జత పెడితే ఆయన తాంబూలం ఇస్తాడు. పన్నుల గురించి మాట్లాడేటప్పుడు మనం ధాన్యం, డబ్బు మాత్రమే చూస్తున్నాం. గుర్రం ఎక్కే హక్కు రాజు చేతిలో ఉండేది, దాన్ని రాగిరేకు మీద రాసి ఇచ్చేవాడు. వర్తకులు తనకి కట్టుబడి ఉండటానికి అది కూడా ఒక దారి.

లంక రైతు:
ఇవన్నీ బాగున్నాయి గానీ ఒక్కరూ గోదారి ఊసెత్తలేదు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. అంతకుముందు మన డెల్టా ఇప్పుడు చూసే డెల్టా కాదు. కాలవ లేదు, లాకు లేదు, గట్టు అంతంత మాత్రం. వర్షాధారం, లేదా చెరువు, లేదా వరద తీసిన తర్వాత ఒండ్రు మీద వేసే పంట. నాది లంకభూమి. ఏ సంవత్సరం ఎన్ని ఎకరాలు మిగులుతాయో ఏరు నిర్ణయిస్తుంది. అలాంటి నేల మీద పన్ను ఎంత అన్నదాని కంటే ఎలా తీశారన్నది పెద్ద ప్రశ్న.

పంటలో భాగం తీసుకుంటే, వరద వచ్చిన ఏడు రాజుకీ తక్కువే వస్తుంది. ఇద్దరూ మునుగుతారు. అదే సిద్ధాయం, అంటే ఏటా ఇంత అని ముందే కట్టేసిన రొక్కం అయితే, వరద మొత్తం రైతు నెత్తిన పడుతుంది. ఖజానాకి తడి తగలదు. మాస్టారు చెప్పిన పన్నుల పేర్లలో నన్ను భయపెట్టేది ఆ సిద్ధాయమే.

నమూనా కావాలంటే శ్రీనాథుణ్ణి చూడండి. రాజమహేంద్రవరం రెడ్డిరాజుల దగ్గర వైభోగం అనుభవించినవాడు. చివరి రోజుల్లో కృష్ణ ఒడ్డున బొడ్డుపల్లి గుత్తకి తీసుకున్నాడని ఆయన చాటువు చెప్తుంది. ఏరు వచ్చి పంట పట్టుకుపోయింది, మిగిలిన నువ్వులు, పెసలు పిట్టలు తినేశాయి. కట్టాల్సింది 700 టంకాలు. కట్టలేకపోతే ఎండలో నిలబెట్టారు, భుజాన బండ మోయించారు. కవిసార్వభౌముడికే అదీ మర్యాద. పేరు లేని గుత్తరైతు సంగతి మీరే ఊహించుకోండి.

వేంగి అభిమాని:
లంక రైతు గారూ, శ్రీనాథుడి చివరి రోజుల నాటికి రెడ్డిరాజ్యం పోయింది, గజపతులు వచ్చారు. దాన్ని తెచ్చి వేంగి రాజుల ఖాతాలో వేయడం న్యాయమా?

లంక రైతు:
ఖాతా ఎవరిదని కాదండి నేను అన్నది. గుత్త పద్ధతి అన్న తర్వాత రాజు ఎవరైనా ఏరు ఒకటే. పంట పోయినా డబ్బు కట్టాలన్న షరతు ఎక్కడ ఉంటే అక్కడ ఇదే జరుగుతుంది. ఇవాళ్టికీ మా దగ్గర కౌలురైతుకి అదే టెన్షన్. ఎకరానికి ఇన్ని బస్తాలు అని ముందే మాట్లాడుకుంటాడు. ఆగస్టులో వరద వస్తే నష్టపరిహారం భూమి ఎవరి పేరు మీద ఉందో వాళ్లకి వస్తుంది.

కరణంగారి మనవరాలు:
కొలతల గురించి నేను చెప్తాను. మా తాతగారు కరణీకం చేశారు, 1984లో ఆ పద్ధతి తీసేసేదాకా. ఇంట్లో ఆ లెక్కల మాటలు వింటూ పెరిగాను.

మన కోనసీమలో ఇప్పటికీ పొలం అమ్మేటప్పుడు కుంచాల్లో చెప్తారు. కుంచం అంటే 10 సెంట్లు. కుంచం అసలు ధాన్యం కొలిచే పాత్ర. నాలుగు కుంచాలు తూము, ఇరవై తూములు పుట్టి. ఆ లెక్కన పుట్టి నేల 8 ఎకరాలు. నేలని విత్తనంతో కొలవడం అన్నమాట. ఎంత విత్తు పడుతుందో అంత నేల. తూర్పు చాళుక్యుల శాసనాల్లో కూడా ఇదే పద్ధతి కనిపిస్తుంది. "పన్నెండు ఖండికల కోద్రవ విత్తనం పట్టే క్షేత్రం" అని ఇస్తారు. కోద్రవం అంటే ఆరికలు. మనం డెల్టా అనగానే వరి అనుకుంటాం. శాసనంలో కొలబద్ద ఆరికలది. లంక రైతు గారు చెప్పిన వర్షాధారం మాటకి ఇది సరిగ్గా సరిపోతుంది.

రెండో సంగతి కళ్ళం. రాజు భాగం అయినా, అగ్రహారీకుడి భాగం అయినా, గుడి భాగం అయినా తేలేది అక్కడే. నూర్చి, తూర్పారబట్టి, రాశి పోశాక ముందు ఊరివాళ్ల మేరలు తీస్తారు. కమ్మరి, వడ్రంగి, చాకలి, మంగలి, తలారి, వెట్టి, పురోహితుడు, కరణం, ఇలా అందరికీ. మిగిలిన రాశిలోంచి పైవాడి భాగం. కొలిచే మనిషి కుంచాన్ని తల కొట్టి పోశాడా, గుమ్మటంగా పోశాడా అన్నదాంట్లోనే బస్తాలు తేడా వస్తాయి. ఆరో వంతా, నాలుగో వంతా అని మనం ఇక్కడ వాదించుకుంటున్నాం. కళ్ళంలో ఆ రోజు కుంచం పట్టిన చెయ్యి ఎవరిదో, లెక్క రాసింది ఎవరో, అసలు అధికారం వాళ్లది. మా తాతగారు ఆ వంశంలోవాడే కాబట్టి ఇది ప్రేమతోనూ బాధతోనూ చెప్తున్నాను.

కోనసీమ కుర్రాడు:
మేడమ్, అంటే అగ్రహారం అయ్యాక కళ్ళంలో రాజు మనిషి బదులు అగ్రహారీకుడి మనిషి నిలబడతాడు, అంతేనా? రైతుకి ఏ తేడా లేదా?

కరణంగారి మనవరాలు:
తేడా ఉంటుంది బాబూ. రాజు మనిషి ఏడాదికోసారి వచ్చి పోతాడు. అగ్రహారీకుడు ఊళ్లోనే ఉంటాడు. అది మంచి చేయవచ్చు, ఎందుకంటే ఈ ఏడు పంట పోయిందని కళ్లారా చూస్తాడు, వదిలేస్తాడు. చెడు కూడా చేయవచ్చు, ఎందుకంటే ఏదీ దాచలేవు.

పిఠాపురం మాస్టారు:
బాగా చెప్పావమ్మా. రాజులు పన్ను విషయంలో మంచి చేసిన సందర్భాలు కూడా మాట్లాడుకోవాలి, లేకపోతే ఏకపక్షం అవుతుంది. కాకతి గణపతిదేవుడు మోటుపల్లి రేవులో 1244లో వేయించిన అభయశాసనం ఉంది. అంతకు ముందు రాజులు గాలివానకి ఓడ పగిలి సరుకు ఒడ్డుకి కొట్టుకొస్తే దాన్ని లాగేసుకునేవారు. సర్వస్వం పోగొట్టుకున్న వర్తకుడి దగ్గర మిగిలింది కూడా. గణపతిదేవుడు అది మాన్పించాడు. సుంకం మాత్రం కట్టండి, మిగతాది మీదే అన్నాడు. ఆ సుంకం కూడా ముప్పైలో ఒక వంతు. రేటు రాతి మీద చెక్కించాడు. రేటు నలుగురికీ కనబడేలా పెట్టడమే సగం న్యాయం. దాని వల్ల దూరదేశాల ఓడలు వస్తాయని ఆయనకి తెలుసు. ధర్మమూ లాభమూ ఒకే చోట కలిశాయి.

వేంగి అభిమాని:
మాస్టారూ, నా మనసులో మాట మీరు చెప్పారు. ఇంకోటి నేను చేరుస్తాను, అదీ మన కోనసీమలోదే. విలస. అయినవిల్లి దగ్గర. 1323లో ఓరుగల్లు పడిపోయింది. ఆ తర్వాత కొన్నేళ్లకి ముసునూరి ప్రోలయ నాయకుడు ఆ ఊరిని దానం చేస్తూ రాయించిన శాసనం చదివితే కళ్లు చెమర్చుతాయి. ఢిల్లీ సైన్యాల కింద రైతు పంట రైతుకి దక్కలేదని, ఊళ్లు పాడుపడ్డాయని చెప్తుంది. ప్రోలయ వచ్చాక పాత అగ్రహారాలు తిరిగి ఇచ్చాడు, రైతులు తమంతట తాము న్యాయమైన పన్ను ఇచ్చారు అంటుంది. రాజుకి పన్ను కట్టడం రైతుకి ఇష్టమైన రోజులు ఉన్నాయండి. నేను చెప్పాలనుకున్నది ఇదే.

తామ్రపత్రం:
విలస శాసనం నాకూ ప్రాణమే. ఒక మనిషి కూలిపోయిన దేశాన్ని మళ్లీ నిలబెట్టిన ధైర్యం అందులో ఉంది. కానీ రాయించింది ఎవరో మర్చిపోకండి. దానం ఇచ్చిన రాజు ఆస్థానంలో కూర్చుని, దానం పుచ్చుకున్న పండితుడి పక్షాన రాసిన శ్లోకాలు అవి. రైతు ఇష్టంగా ఇచ్చాడని రైతు చెప్పలేదు. అదే ద్రాక్షారామంలో చూడండి. ఫలానా బోయ ఇన్ని గొర్రెలు పుచ్చుకున్నాడు, ఇంత నెయ్యి పోస్తాడు అని పేరు పెట్టి రాశారు. ఎందుకంటే పని అతని మీద ఉంది కాబట్టి. బాధ్యత ఉన్నచోట కిందివాడి పేరు దొరుకుతుంది. ఇష్టం, సంతోషం అన్నచోట "రైతులు" అని గుంపుగా ఉంటుంది.

అందుకే నా మాట ఇది. మన డెల్టాలో మనకి దొరికిన పన్నుల చరిత్రలో ఎక్కువ భాగం మాఫీల చరిత్ర. వసూలు చేసినదానికి తాటాకులు, కడితాలు (గుడ్డ మీద రాసే లెక్క పుస్తకాలు). అవి చెదలు తినేశాయి. వదిలేసినదానికి రాగిరేకులు, రాళ్లు. అవి మిగిలాయి. మిగిలినవి మాత్రమే చూసి ఆ కాలం అంతా మాఫీల కాలం అనుకుంటే, వసూళ్ల భారం మోసినవాళ్లు మన లెక్కలోంచి జారిపోతారు.

వేంగి అభిమాని:
ప్రోలయ మీద నా అభిప్రాయం మారదు మేడమ్. రైతు నోటి మాట శాసనంలో లేదన్నది మాత్రం ఒప్పుకుంటాను. నేనూ ఈ ఆదివారం పలివెల కొప్పేశ్వరస్వామి గుడికి వెళ్తున్నాను. అక్కడి శాసనాల్లో దాతల పేర్లు కాదు, పుచ్చుకున్నవాళ్ల పేర్లు, పని చేయాల్సినవాళ్ల పేర్లు రాసుకొస్తాను. కోనసీమ కుర్రాడు గారూ, మీకు దగ్గరే కదా, వస్తారా?

కోనసీమ కుర్రాడు:
తప్పకుండా వస్తానండి. పొద్దున్నే అయితే మంచిది. ఫొటోలు ఎలా తీయాలో ఎవరైనా చెప్తే బాగుంటుంది. కిందటిసారి నేను తీసినవాటిలో రాయి కనబడుతోంది గానీ అక్షరం కనబడట్లేదు.

ద్రాక్షారామం వాసి:
నేరుగా ఫ్లాష్ వేయకు తమ్ముడూ. ఒకరు ఫోన్ పట్టుకుంటే రెండోవారు పక్కనుంచి, రాయికి బాగా దగ్గరగా వాలుగా టార్చి వేయండి. అక్షరం లోతులో నీడ పడి విడివిడిగా కనబడుతుంది. నీరెండ ఏటవాలుగా పడే వేళ అయితే టార్చి కూడా అక్కర్లేదు. సుద్దముక్క రుద్దొద్దు, నూనె రాయొద్దు. పూజారిగారిని ముందు అడగండి. స్తంభం కింద భాగం పూలకుండీలతో కప్పేసి ఉంటే జరిపిస్తారు, చాలాసార్లు బోయల పేర్లు ఆ కింది వరసల్లోనే ఉంటాయి.